సముద్రపు చేప నదిలోకి వచ్చినా ఎందుకు చావదు?

"సముద్రంలో బతికే చేప నదిలోకి వచ్చినా చావదు, ఎలా?" అని అడిగారు. చావదని ఎవరు చెప్పారండీ? తిరుపతిలో మా వరండాలో ఒక్క రాత్రిలో ఆరు చచ్చాయి.

ఇలాంటి ప్రశ్న కనిపిస్తే చాలు, అందరూ సముద్రం నుంచి నదికి ఎదురీదే సాల్మన్ అనే విదేశీ చేప కథ ఎత్తుకుంటారు. ఆ చేప ముఖం మనలో ఎంతమంది చూశారు? మనకు పులస లేదా? పండుగప్ప లేదా? పులస గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి గోదావరికి ఎదురీదుతుంది. పండుగప్పది దానికి తిరుగు దారి. మంచినీటిలో పెరిగి, గుడ్ల కోసం ఉప్పునీటికి దిగుతుంది.

తడ దగ్గర చేపలు పెంచే ఒకాయన వేలెడంత పండుగప్ప పిల్లలను ఆరింటిని కవరులో పెట్టి ఇచ్చాడు. "నీళ్లు మెల్లగా మార్చండి సార్" అని రెండుసార్లు చెప్పాడు. నేను వింటేగా! ఇంటికి రాగానే కుళాయి నీళ్లు నింపిన గాజు తొట్టిలో గుమ్మరించాను. రాత్రి తొమ్మిదికి చక్కగా ఈదుతున్నాయి. తెల్లవారేసరికి ఆరూ వెల్లకిలా తేలాయి.

"ఉప్పు కాదు బావా, కుళాయి నీళ్లలో క్లోరిన్" అన్నాడు మా బావమరిది. వాడి జుట్టు ఊడినా క్లోరిన్‌దే తప్పు.

రెండోసారి ఆరు పిల్లలతోపాటు రెండు క్యాన్ల ఉప్పునీళ్లు కూడా తెచ్చాను. రోజుకు కొన్ని చెంబులు తోడేసి, అన్ని చెంబుల మంచినీళ్లు పోస్తూ పది రోజులు గడిపాను. ఒక్కటీ చావలేదు. ఆ మంచినీళ్లను ముందు రెండు రోజులు డ్రమ్ములో నిలవ ఉంచిన మాట నిజమే. అది మా బావమరిదికి చెప్పలేదు.

మామిడి ముక్కలకు ఉప్పు పట్టిస్తే నీరు ఊరుతుంది కదా, సముద్రంలో చేప ఒంటికి అదే గతి. లీటరు సముద్రపు నీటిలో ఉప్పు దాదాపు 35 గ్రాములు. చేప రక్తంలో అందులో మూడో వంతే. ఒంట్లో నీరు బయటికి పోతూ ఉంటే అది సముద్రాన్నే తాగి, ఎక్కువైన ఉప్పును మొప్పల్లోంచి బయటికి తోస్తుంది. మంచినీటిలో కథ తిరగబడుతుంది. నానబెట్టిన శనగల్లా ఒంట్లోకి నీరు చేరుతుంది. అప్పుడు తాగడం మానేసి, పలుచటి మూత్రం ధారాళంగా పోస్తూ, మొప్పలతో ఉప్పును లోపలికి లాక్కుంటుంది. తల్లులకు పాలు పడేలా చేసే ప్రోలాక్టిన్ హార్మోనే ఇక్కడ చేప ఒంట్లోని ఉప్పును కాపాడుతుంది. మొప్పల్లోని కణాలు ఇలా పని మార్చుకోవడానికి రోజులు పడుతుంది.

నేను చెంబుతో చేసిన పని నదిలో మొగ, అంటే నది సముద్రంలో కలిసే చోటు, చేస్తుంది. తీపి, ఉప్పు అక్కడ మెల్లగా కలుస్తాయి. కానీ మొగ దాకా నీరు రావాలి కదా! మా స్వర్ణముఖి ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే. 2021 నవంబరులో మాత్రం ఊళ్లు ముంచేంత నీరు. గోదావరిలో నీరున్నా ధవళేశ్వరం బ్యారేజీ పులసకు అడ్డం. గంగ మీద 1975లో ఫరక్కా బ్యారేజీ మొదలయ్యాక ఎగువ ఊళ్లకు ఆ చేప దాదాపు కరువైంది. అది చేప చేతగానితనమా?

ఇంతకీ నా ఆరింటిలో మూడు వారాలకు నాలుగే మిగిలాయి. పెద్దదాని పొట్ట ఉబ్బి ఉంది. పండుగప్ప తన జాతినే మింగుతుందని అప్పుడు తెలిసింది. పుట్టేటప్పుడు దాదాపు అన్నీ మగవే, పెద్దయ్యాక ఆడవిగా మారతాయని మా ఆవిడకు చెప్పి ఉన్నాను. "మీరు ఉప్పు తగ్గించారు, అది తమ్ముళ్లను తగ్గించింది" అంది.

ఇప్పుడు ఒక్కటే ఉంది. రాత్రి టార్చి వేస్తే కళ్లు నిప్పుకణికల్లా మెరుస్తాయి. మా బావమరిది వచ్చినప్పుడల్లా దాని పొడవు కొలిచి, చింతపండు ఉందా అని అడుగుతున్నాడు.