జవాబు: జానపదం అనుకుని "కూల్ వాటర్" పాడి యూట్యూబ్‌లో పెడితే కాపీరైట్ క్లెయిమ్ వచ్చింది, ఎందుకు?

అది జానపదం కాదు, అందుకే వచ్చింది. బాబ్ నోలన్ 1936లో రాసిన పాట. మీరు విన్నది బహుశా అమెరికన్ కంట్రీ గాయకుడు మార్టీ రాబిన్స్ 1959 ఆల్బమ్ "గన్‌ఫైటర్ బాలడ్స్ అండ్ ట్రైల్ సాంగ్స్"లోది. అందులో పాతవీ కొత్తవీ ఒకే గొంతులో, ఒకే గిటార్ నాదంలో కలిసిపోయి ఉంటాయి. చెవితో తేడా పట్టడం కష్టం.

1. చాలామంది గాయకుడి పేరు చూసి ఆగిపోతారు. చూడాల్సింది రచయిత పేరు. పాటలు వినే యాప్‌లో పాట పక్కన మూడు చుక్కలు నొక్కి క్రెడిట్స్ తెరవండి. ఎల్పీ (గ్రామఫోన్ రికార్డు) ఉంటే లేబుల్ మీద పాట పేరు కిందే ఉంటుంది.
2. "ఎల్ పాసో", "బిగ్ ఐరన్", "ది మాస్టర్స్ కాల్", "ఇన్ ది వ్యాలీ" రాబిన్స్ సొంతంగా రాసినవి. వీటి జోలికీ వెళ్లొద్దు.
3. "యూటా కారల్", "బిల్లీ ది కిడ్" సంప్రదాయ గీతాలు. అయినా రాబిన్స్ రికార్డింగ్ వాడొద్దు, వాయిద్యం మీరు సొంతంగా వాయించిందే ఉండాలి.
4. క్లెయిమ్ అంటే స్ట్రైక్ (ఛానల్ మీద పడే శిక్ష) కాదు, టెన్షన్ వద్దు. సాధారణంగా ప్రకటనల డబ్బు హక్కుదారుకి పోతుంది. "జానపదం" అని మాత్రం డిస్ప్యూట్ (అభ్యంతరం) పెట్టకండి.