నిలబడ్డ బండికి బత్తా ఎవరిస్తారు?

ప్రశ్న: మాది నాయుడుపేట దగ్గర పల్లె. హెవీ లైసెన్సు ఉంది. ఇన్నాళ్లూ ఉత్తరాది లైనులో లారీ నడిపాను. ఇప్పుడు పాప పుట్టింది. చెన్నైలో మంచి ట్రాన్స్‌పోర్టు కంపెనీ చూసుకుంటే వారానికి రెండుసార్లయినా ఇల్లు చేరవచ్చని ఆశ. మణలి, మాధవరం వైపు కంపెనీలు చాలా ఉన్నాయంటున్నారు. ఏది మంచిది? జీతం ఎంత అడగాలి?

జవాబు: తమ్ముడూ, కంపెనీ పేరు మాత్రం చెప్పను. బోర్డు మీద పేరు ఎంత పెద్దదైనా నీకు బండి అప్పగించేదీ, లోడు చూపించేదీ, సెలవు అడిగితే ముఖం చిట్లించేదీ ఒక సూపర్‌వైజరు. అతను మారితే కంపెనీ మారినట్టే. పైగా నువ్వు అడగాల్సింది వదిలేసి వేరేవి అడిగావు. జీతం ఎంత, ఇంటికి ఎన్నిసార్లు అని రాశావు. బండి కదలకుండా నిలబడిపోయిన రోజుకి డబ్బు ఎవరిస్తారో అడగలేదు. ఊరి నుంచి కొత్తగా వచ్చేవాళ్లు ఎవరూ అడగరు. ఆత్మకూరు నుంచి వచ్చిన కొత్తలో నేనూ అడగలేదు. అడగనందుకు ఏమైందో చెబుతాను, కాస్త ఓపిగ్గా చదువు.

నాకప్పుడు కొత్తగా పెళ్లయింది. లైనులో తిరిగి తిరిగి విసుగెత్తి, నీలాగే దగ్గర పని కావాలనుకున్నాను. వాల్‌టాక్స్ రోడ్డులో పార్సిల్ ఆఫీసుల ముందు నిలబడితే పని దొరుకుతుందని ఎవరో అంటే వెళ్లి నిలబడ్డాను. దొరికింది కూడా. మణలిలో కంటెయినరు యార్డు, అక్కడి నుంచి చెన్నై రేవుకి ట్రెయిలరు. మాధవరంలో గది తీసుకుని కాపురం పెట్టాను. యార్డుకీ రేవుకీ మధ్య దూరం చూస్తే పొద్దున బయలుదేరి మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చేయవచ్చు. ట్రిప్పుకి ఇంత అని మాట. రోజుకి రెండు ట్రిప్పులు వేసుకుని, నెలకి గుణించి, ఊళ్లో నాన్నకి నెలనెలా ఎంత పంపుతానో కూడా చెప్పేశాను. మా ఆవిడ ఒక్కతే, ‘రెండు ట్రిప్పులు పడతాయని ఎవరు చెప్పారు?’ అంది. ఎవరూ చెప్పలేదు, నేనే అనుకున్నాను.

లోడుతో వెళ్లేసరికి ఎన్నూరు ఎక్స్‌ప్రెస్ రోడ్డు మీద ట్రెయిలర్ల వరుస తిరువొత్తియూరు దాకా ఉంది. కాశిమేడు దగ్గర రేవు లోపలికి పోయే జీరో గేటు చేరాలంటే ఆ వరుసలోనే జరుగుతూ పోవాలి. జరగడం అంటే నాలుగు బారలు కదిలి మళ్లీ ఆగడం. కన్ను మూస్తే ముందు ఖాళీ ఏర్పడుతుంది, ఆ ఖాళీలోకి ఇంకొకడు దూరతాడు. అందుకని నిద్ర లేదు. బండి వదిలి ఇంటికి వెళ్లి వచ్చే వీలు అసలే లేదు. మాధవరం ఎంతో దూరం లేదు. అక్కడ ఆవిడ అన్నం వండి ఎదురుచూస్తుంటే ఇక్కడ నేను రోడ్డు పక్కన సాంబారు అన్నం కొనుక్కుని తింటున్నాను. టీకి డబ్బు, మంచినీళ్లకి డబ్బు, స్నానానికీ డబ్బే.

లెక్క విడమరిచి చెబుతాను. ట్రిప్పుకి 1,000 రూపాయలు అనుకో. అదే రోజు ముగిస్తే 1,000 నీదే. మూడు రోజులు పడితే రోజుకి 333. తిండికీ టీకీ రోజుకి 250 పోయిందనుకో, మిగిలేది 83. ఇంటి అద్దె మాత్రం వరుసలో నిలబడదు, ఒకటో తారీకున వచ్చేస్తుంది.

అసలు మంట తరవాత తెలిసింది. ఆ ఆలస్యానికి సరుకు పార్టీ దగ్గర మా కంపెనీ హాల్టింగ్, అంటే బండి ఆగినందుకు చార్జీ, వసూలు చేసుకుంటోంది, బిల్లులో రాసి ముద్ర వేసి మరీ. అందులో డ్రైవరుకి పైసా రాదు. పక్క బండి క్లీనరు చెప్పేదాకా నాకు ఆ సంగతే తెలియదు. మేనేజరుని అడిగితే, ‘నీతో ట్రిప్పు లెక్కే కదా మాట్లాడుకున్నది’ అన్నాడు. నిజమే, అదే మాట్లాడుకున్నాను.

పోనీ మానేద్దామంటే అడ్వాన్సు మెడకి చుట్టుకుంది. గది డిపాజిట్ కోసం చేరేటప్పుడే కొంత తీసుకున్నాను. బదులుగా నా అసలు లైసెన్సు వాళ్ల బీరువాలోకి పోయింది. కంటెయినరుకి సొట్ట పడితే కోత, డీజిలు లెక్కలో తేడా వస్తే కోత. బాకీ తరగాల్సింది పోయి పెరిగింది. చివరికి, నేను డబ్బు పంపుతానన్న నాన్నే వడ్లు అమ్మి నాకు పంపాడు. దాంతో బాకీ తీర్చి లైసెన్సు తెచ్చుకున్నాను. ఆ తరవాత పార్సిల్ సర్వీసులో చేరి, ప్రతి రూపాయీ మా ఆవిడ చేత నోటుపుస్తకంలో రాయించి, రెడ్‌హిల్స్‌లో సొంత ఇల్లు కట్టుకున్నాను. డ్రైవరు డబ్బుతోనే కట్టాను. నా తోటి వచ్చినవాళ్లలో ఇప్పటికీ అడ్వాన్సు తీరని వాళ్లున్నారు.

కాబట్టి అడ్వాన్సు జోలికి పోకు. అడ్వాన్సు ఎక్కువ ఇచ్చేదే మంచి కంపెనీ అనుకునే కుర్రాళ్లని ఇక్కడ చూస్తూనే ఉంటాను, జాలి వేస్తుంది. లైసెన్సు కార్డు ఎవరి చేతికీ ఇవ్వకు. తనిఖీకి డిజిలాకర్‌లో ఉన్నది 2018 నుంచి చెల్లుతోంది. గది డిపాజిట్, రెండు నెలల తిండి ఖర్చు చేతిలో పెట్టుకునే చెన్నైలో దిగు. అంత లేకపోతే ఇంకొన్నాళ్లు లైనులోనే తిరుగు, పాప ఎక్కడికీ పోదు.

ఇక పనుల సంగతి. కంటెయినరు పూర్తిగా చెడ్డదని అనను. ఇప్పుడు ఎన్నూరులో కామరాజర్ రేవు, దాని పక్కన కాట్టుపల్లి రేవు ఉన్నాయి. అయినా ఏ రేవులోనైనా రద్దీ రోజున బండి ఆగుతుంది. నెల జీతం ఇచ్చి, ఆగిన రోజుకి కూడా బత్తా ఇచ్చేవాళ్లయితే చేరు. ఉత్త ట్రిప్పు లెక్క అంటే నమస్కారం పెట్టి బయటికి వచ్చేయ్. ఇరుంగాట్టుకోట్టై, ఒరగడం కార్ల ఫ్యాక్టరీల నుంచి వచ్చే పొడుగాటి బండ్లు చూసి మోజు పడకు. ఆ కార్లు ఉత్తరాదికి పోతే నువ్వూ వాటితోనే పోతావు.

పార్సిల్ సర్వీసు నన్ను నిలబెట్టింది కాబట్టి దాని మీద నాకు పక్షపాతం ఉంది. రాత్రి బండి వేళకి బయలుదేరుతుంది, వేళకి చేరుతుంది. అయితే చెన్నై–నెల్లూరు బండి పదహారో నంబరు హైవే మీద నాయుడుపేట మీదుగానే పోతుంది. అది నీకు సంతోషంగా అనిపిస్తుంది. కానీ బండికి జీపీఎస్ ఉంటుంది, కారణం లేకుండా ఆపితే ఆఫీసు నుంచి ఫోను వస్తుంది. నెల్లూరులో సరుకు దింపాక తిరుగు లోడు ఎప్పుడు, ఆ మధ్య సమయం నాదేనా, బండి కాపలా కూడా నేనే కాయాలా? ఈ మూడూ చేరేముందే తేల్చుకో. కాపలా నీదే అంటే ఊరి పక్కన ఉన్నా లాభం లేదు.

మణలి చుట్టుపక్కల పెట్రోలు ట్యాంకర్ల పని కూడా ఉంది. దగ్గరి బంకులకి పోసి అదే రోజు తిరిగి వచ్చేయవచ్చు. దానికి ప్రమాదకర సరుకుల శిక్షణ, లైసెన్సు మీద ఆ నమోదు కావాలి. దాని గడువు 3 ఏళ్లు, మామూలు ట్రాన్స్‌పోర్టు లైసెన్సుకి 5. మిగతావి ఆర్టీవో ఆఫీసులో కనుక్కో, నేను రాయడం దండగ. ఆంధ్రా లైసెన్సు దేశమంతా చెల్లుతుంది, ఆ బెంగ వద్దు. రోజుకి 8 గంటలే పని అని 1961లోనే చట్టంలో రాశారు. అది యార్డులో చదివి వినిపిస్తే నవ్వుతారు. పీఎఫ్ కడతారా అన్నది మాత్రం వాళ్లు నవ్వినా సరే అడుగు.

ఇంటికి వెళ్లే ఖర్చు లెక్కలో వేసుకున్నావా? మాధవరం బస్టాండులో నెల్లూరు బస్సు ఎక్కి నాయుడుపేటలో దిగవచ్చు. చెన్నై–గూడూరు రైలు మార్గం కూడా నాయుడుపేట మీదుగానే పోతుంది. కానీ చవక అని సూళ్లూరుపేట లోకల్ రైలు ఎక్కితే అక్కడ దిగి మళ్లీ బస్సో ఇంకో రైలో పట్టుకోవాలి. వారానికి రెండుసార్లు అంటే నెలకి రానూపోనూ ఎంతవుతుందో కూడు. దానికి ఇక్కడి గది అద్దె కలుపు. ఆ మొత్తం తీసేయగా మిగిలిందే నీ జీతం. ఇప్పుడు ఉత్తరాది లైనులో వస్తున్న దాని పక్కన పెట్టి చూడు.

ఇంత రాశాక నేనూ ఒకటి అడుగుతాను. మణలి మణలి అంటున్నావు, మీ నాయుడుపేట పక్కనే మేనకూరు సెజ్ ఉంది కదా? తడ దగ్గర శ్రీసిటీ ఉంది, ఇసుజు వాళ్ల ఫ్యాక్టరీ అక్కడే. ఆ గేట్ల దగ్గర ఒక సాయంత్రం నిలబడి ఏ ట్రాన్స్‌పోర్టు బండ్లు రోజూ వచ్చిపోతున్నాయో పేర్లు రాసుకో. ఆఫీసు చెన్నైలో ఉంటే ఉండనీ, బండి తిరిగే దారి మీ ఇంటి వైపు ఉంటే చాలు. టీ కొట్టు దగ్గర ఆ డ్రైవర్లని పలకరించు. జీతం ఎంతని అడగకు, పెంచి చెబుతారు. పోయిన నెల జీతం ఏ తారీకున వచ్చింది, గేటు ముందు బండి ఆగిన రోజు బత్తా ఇచ్చారా, అడ్వాన్సు ఎంత మిగిలి ఉంది అని అడుగు. ఒకే కంపెనీ డ్రైవర్లు నలుగురూ ఒకే తారీకు చెబితే వాళ్ల ఆఫీసుకి వెళ్లి మాట్లాడు. నలుగురూ నాలుగు తారీకులు చెబితే టీ డబ్బులు ఇచ్చేసి పక్క గేటుకి పో.