భర్త వదిలేసిన అక్కకు నెలనెలా డబ్బు పంపాలా, సరుకులు కొనిపెట్టాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మహారాష్ట్రలోని దేగ్లూర్‌లో ఉండే మీ అక్కను బావ వదిలేసి వెళ్లి రెండేళ్లయింది, ఇద్దరు పిల్లలు. ఆడవాళ్లకు మహారాష్ట్ర సర్కారు ఇచ్చే లాడకీ బహీణ్ పథకం కింద నెలకు 1500 వస్తున్నాయి కదా, దానిమీద మీ అన్నదమ్ములు కూడా డబ్బే ఇస్తే ఎటు పోతుందో తెలియదు, బియ్యం నూనె కొనిపెడితే మేలా అని అడిగారు. నాది కూడా అటువైపే, ధర్మాబాద్. ఆరేళ్లుగా మీ అక్క పరిస్థితే నాది.

డబ్బే పంపండి. ముందు బియ్యం సంగతి చెబుతాను.

మా అన్న తెలంగాణలో, బోధన్‌లో ఉంటాడు, మంచి మనిషి. ఏడాదికి రెండుసార్లు బండి మీద పాతిక కిలోల సన్నబియ్యం, కందిపప్పు, నూనె డబ్బా తెచ్చి గుమ్మంలో దించి, చాయ్ తాగి వెళ్లేవాడు. మా ముగ్గురి పేరు మీద రేషన్‌లో గోధుమలు, బియ్యం కలిపి నెలకు 15 కిలోలు ఉచితంగానే వస్తాయి. మాకు తిండిగింజలకు లోటు లేదు. లోటంతా అద్దెకు, గ్యాసుకు, బాబు మందులకు, అమ్మాయి నోటుపుస్తకాలకు. ఒకసారి బాబుకు జ్వరం తగ్గక డాక్టరు పరీక్షలు రాస్తే, అన్న తెచ్చిన సన్నబియ్యం కిరాణా కొట్టుకు తీసుకెళ్లి అమ్మాను. కొట్టాయన బజారు ధర ఇస్తాడా? అవసరం మనది కాబట్టి సగం కంటే కాస్త ఎక్కువ ఇచ్చాడు. అది ఎలాగో అన్నకు తెలిసి మూడు నెలలు మాట్లాడలేదు. నిజానికి ఆ బియ్యానికి వాడు పెట్టిన డబ్బే నా చేతిలో పెట్టి ఉంటే పరీక్షలు పోను ఇంకా మిగిలేది.

నేను మిర్చి గిర్నీలో, అంటే మిల్లులో, తొడిమలు తీస్తాను. సీజన్ ఉన్నన్నాళ్లు రోజూ పని, రోజూ కూలి. వానలు మొదలయ్యాక గిర్నీ పని ఉండదు, సోయా కోతలు వచ్చేదాకా చేతిలో ఏమీ ఆడదు. ఆ నెలలు గిర్నీ సేఠ్ దగ్గర అడ్వాన్సు తీసుకుని గడిపేదాన్ని. వానాకాలంలో 5000 తీసుకుంటే మళ్లీ సీజన్‌లో ఆ గిర్నీకే పోవాలి. పక్క గిర్నీలో రోజుకు ముప్పై రూపాయలు ఎక్కువ ఇస్తున్నా కదలడానికి లేదు. ఘాటుకు కళ్లు మండి ఒకపూట మానేసినా మాట పడాల్సిందే.

2024 జూన్ చివర్లో ముంబైలో ఈ లాడకీ బహీణ్ ప్రకటించారు. 21 నుంచి 65 ఏళ్ల ఆడవాళ్లకు, ఇంటి ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షల లోపు ఉంటే నెలకు 1500. నేను చదివింది తెలుగు బడి. మరాఠీ మాట్లాడతాను కానీ రాయలేను. ఫారం మా అమ్మాయే నింపింది, అప్పుడు ఎనిమిదో తరగతి. వివాహిత, విధవ, ఘటస్ఫోటిత అంటే విడాకులైనామె, పరిత్యక్త అంటే భర్త వదిలేసినామె, ఇలా వరుసగా ఉన్నాయి. "అమ్మా, దేనికి టిక్ పెట్టాలి?" అని అడిగింది. పరిత్యక్తకు పెట్టమన్నాను. అర్థం అడగలేదు, తెలిసే ఉంటుంది.

నేను పుట్టింది తెలంగాణలో. బయటి రాష్ట్రంలో పుట్టి ఇక్కడి మనిషిని చేసుకున్నవాళ్లు భర్త జనన పత్రం గానీ, స్కూలు టీసీ గానీ పెట్టొచ్చన్నారు. మనిషే దొరకనప్పుడు ఆయన టీసీ ఎక్కడ తేవాలి? సిగ్గు విడిచి అత్తగారింటికి వెళ్లాను. ఆమె ట్రంకుపెట్టె అడుగు నుంచి తీసి ఇచ్చి, "వాడు పనికి రాకపోయినా వాడి కాగితమన్నా పనికొస్తది, తీస్కపో" అంది.

రాఖీ పండుగ ముందు జూలై, ఆగస్టు రెండు నెలలవి కలిపి 3000 పడ్డాయని అందరూ అంటున్నారు, నా ఖాతాలో మాత్రం సున్నా. వారం రోజులు తిరిగాక తేలిందేమిటంటే, ఫారంలో ఏ ఖాతా రాసినా డబ్బు ఆధార్ జోడించిన ఖాతాకే వెళ్తుంది. బాబు కాన్పుకు పుట్టింటికి వెళ్లినప్పుడు బోధన్‌లో ఒక ఖాతా తెరిచాను, ఆధార్ దానికి కట్టి ఉంది. అక్కడికి వెళ్లి చూస్తే ఏళ్ల తరబడి మినిమం బ్యాలెన్స్ లేదని 3000లో ఏడు వందల పైన కోసేశారు. మీ అక్క విషయంలో ముందు ఇది చూడండి: ఏ ఖాతాకు ఆధార్ జోడించి ఉంది, ఆ పాస్‌బుక్ ఎవరి చేతిలో ఉంది.

1500 అంటే రోజుకు 50 రూపాయలు. దాంతో పని మానేసి ఎవరూ కూర్చోరు. గిర్నీ దగ్గర మగవాళ్లు "ఇక మీరు పనికేం వస్తారులే" అని ఎకసెక్కాలాడారు గానీ మరుసటి రోజు అందరం పనిలోనే ఉన్నాం. మారింది వేరే. మొదటి ఏడాది సోయా కోతల కూలిలో ఈ డబ్బు కలిపి సేఠ్ పాత అడ్వాన్సు తీర్చేశాను. 2025 వానాకాలం కొత్తది తీసుకోలేదు. చాలా ఇబ్బంది పడ్డాం, ఒక నెల అద్దె కూడా ఆపాను, కానీ తీసుకోలేదు. ఇప్పుడు ఎక్కడ కూలి ఎక్కువుంటే అక్కడికి పోతాను. 1500 కంటే నాకు అది పెద్దది. అలవాటుకు సేఠ్ ఈమధ్య కూడా అడిగాడు, డబ్బు ఏమైనా కావాలా అని.

దీని చెడ్డ గుణం, ఎప్పుడు పడుతుందో తెలియకపోవడం. 2024లో అసెంబ్లీ ఎన్నికల ముందు అక్టోబరు, నవంబరువి కలిపి వేశారు. డిసెంబరుది నెలాఖరు దాకా రాలేదు. తర్వాతి ఏడాది ఫిబ్రవరి, మార్చివి రెండూ కలిపి మహిళా దినోత్సవం దగ్గర పడ్డాయి. ఎన్నికలప్పుడు 2100 చేస్తామన్నారు, ఇప్పటిదాకా 1500 దాటలేదు. కొట్టులో "పదో తారీఖుకు ఇస్తా" అని చెప్పడానికి వీల్లేదు. నది అవతల తెలంగాణలో మా వదిన బీడీలు చుడుతుంది, ఆమెకు నెలకు 2016 రూపాయల పింఛను వస్తుంది. అక్కడ ఒంటరి మహిళలకూ అంతే. ఆ మాట వదిన పండక్కి వచ్చినప్పుడల్లా గుర్తుచేస్తుంది.

ఇంకో దెబ్బ ఇంట్లోనే తగిలింది. డబ్బు పడుతోందని తెలిశాక అన్న సరుకులు కూడా ఆపేశాడు. "సర్కారు ఇస్తుంది కదనే" అన్నాడు. అంటే సర్కారు ఇచ్చినదాంట్లో కొంత మా అన్నకే మిగిలిందన్నమాట. మీరు కూడా మీ ప్రశ్నలో "1500 వస్తున్నాయి కదా" అన్నారు, అందుకే చెబుతున్నాను. కోపం తెచ్చుకోకండి. నన్ను వదిలేసిన మనిషి కూడా ఏళ్ల తర్వాత ఫోన్ చేశాడు, "పైసలు పడ్డయా" అని. ఎత్తింది మా అమ్మాయి. రాంగ్ నంబర్ అని పెట్టేసింది.

2025 సెప్టెంబరులో ఈ-కేవైసీ అన్నారు, అంటే డబ్బు తీసుకునేది మనమేనని ఆధార్‌తో మళ్లీ రుజువు చేసుకోవాలి. భర్తది గానీ తండ్రిది గానీ ఆధార్ నంబరు కొట్టాలి, వాళ్ల ఫోన్‌కు ఓటీపీ వస్తుంది. మా నాన్నకు చదువు రాదు, బటన్ ఫోను. నేను ఇక్కడ సెంటర్లో కూర్చుని, అక్కడ మా అన్న కొడుకు అంకెలు చదివి చెప్పేలోపు రెండుసార్లు టైమ్ అయిపోయింది. మూడోసారికి అయింది. తర్వాత భర్త, తండ్రి లేనివాళ్లకు వేరే దారి ఇచ్చారు, మరణ ధ్రువపత్రమో విడాకుల కాగితమో అంగన్‌వాడీలో ఇవ్వాలని. భర్త బతికే ఉండి కోర్టు కాగితం లేనివాళ్లకు అదీ కష్టమే. మీ అక్కకు ఏ కాగితమూ లేకపోతే, ఇప్పుడు పనిలేదనిపించినా ఒకటి సంపాదించి పెట్టుకోమనండి. దిక్కులేనివాళ్లకు ఇక్కడి సర్కారు ఇచ్చే సంజయ్ గాంధీ నిరాధార్ అనుదాన్‌కైనా అదే కావాలి. అదీ నెలకు 1500, కానీ ఆదాయ పరిమితి ఏడాదికి 21,000 మాత్రమే. రెండూ కలిపి రావు, ఒకటే తీసుకోవాలి.

ఇక మీరు పంపేది. ఎంత అన్నది మీ ఇష్టం, కానీ తారీఖు మాత్రం మీ అక్కనే అడగండి, అద్దె ఏ రోజు కడుతుందో దానికి రెండు రోజుల ముందు పడేలా. ఆమె ఖాతాలోనే వేయండి, అమ్మ చేతికో పిల్లల చేతికో ఇవ్వకండి. ఎందుకు ఖర్చయిందని ఫోన్‌లో అడగకండి. అడిగితే చెబుతుంది, కానీ తర్వాతి నెల నుంచి మీకు నచ్చే ఖర్చులే చెబుతుంది. నేనూ అన్నకు అలాగే చెప్పేదాన్ని.

మా అన్నతో గొడవపడే ఒప్పించాను. ఇప్పుడు సరుకులు లేవు, ప్రతి నెలా 7న వెయ్యి వేస్తాడు. ఈ నెల 9న వేశాడు. వదినకు జ్వరమట, నేనేమీ అడగలేదు.