స్పర్శ తెలియని మచ్చ కుష్ఠేనా?

చేతి మీద పాలిపోయిన మచ్చ ఉంది, దురద లేదు, గిల్లినా తెలియడం లేదు, కుష్ఠేమోనని టెన్షన్‌గా ఉందన్నారు. ఇందులో అసలు విషయం స్పర్శ. తామర అయితే దురద పెడుతుంది కానీ స్పర్శ పోదు. డాక్టర్ మిమ్మల్ని కళ్లు మూసుకోమని, దూది పోగుతో మచ్చ మీదా పక్కన మామూలు చర్మం మీదా తాకించి, ఎక్కడ తగిలిందో వేలితో చూపించమంటారు. మచ్చ మీద తాకినప్పుడల్లా మీ వేలు కదలకపోతే అనుమానం గట్టిదే. మోచేయి వెనక నరం లావెక్కిందేమో కూడా తడిమి చూస్తారు. చెవి తమ్మె నుంచి తీసే స్మియర్‌లో (చర్మాన్ని కాస్త గీకి తీసే శాంపిల్‌లో) క్రిములు కనిపించలేదంటే జబ్బు లేదని కాదు, దయచేసి అక్కడితో వదిలేయకండి.

కుష్ఠే అని తేలితే రిఫాంపిసిన్, డాప్సోన్, క్లోఫాజిమిన్ అనే మందులు కలిపి ఇస్తారు: సాధారణంగా మచ్చలు 5 దాకా ఉంటే 6 నెలలు, అంతకు మించితే 12 నెలలు. మూత్రం ఎర్రబడినా, చర్మం నల్లబడినా మందుల వల్లే, భయపడి మానేయొద్దు. నరం నొప్పి పుడితే, చేతి పట్టు తగ్గితే మాత్రం అదే రోజు వెళ్లండి.

అదే మచ్చ కాకుండా, అంచులు ఎత్తుగా లేచి నెలల తరబడి మానని, నొప్పి లేని పుండైతే ఇసుక ఈగ కాటుతో వచ్చే లీష్మానియాసిస్‌నీ చూడాలి. దానికి పుండు అంచు నుంచి శాంపిల్ తీస్తారు.