టెక్ సందేహాలు: లీవర్ దగ్గర ఆయిల్ చెమ్మ

ప్రశ్న: సైకిల్ హ్యాండిల్ బార్ మార్పించాను. ముందు బ్రేక్ హోస్ (ఆయిల్ పైపు) పొడవై వేలాడుతుంటే దుకాణంలో కత్తిరించి మళ్లీ బిగించారు. రెండు రోజులకే లీవర్ దగ్గర ఆయిల్ చెమ్మ కనిపిస్తోంది. షిమానో హైడ్రాలిక్ బ్రేకులు. నట్ ఇంకాస్త బిగిస్తే సరిపోతుందా? – ఓ పాఠకుడు, కర్నూలు

బిగించకండి. అక్కడ ఆయిల్‌ని ఆపేది నట్ కాదు, దాని కింద ఉండే ఆలివ్ అనే చిన్న ఇత్తడి ఉంగరం. నట్ బిగిసేకొద్దీ అది నలిగి హోస్‌ని చుట్టూ పట్టేస్తుంది. ఒకసారి నలిగాక మళ్లీ కొత్త రూపానికి రాదు. పాతదాన్నే లాగి ఎక్కించారేమో, హోస్ వంకరగా తెగిందేమో, బిగించేటప్పుడు హోస్ చివరిదాకా లోపలికి పోలేదేమో. చెమ్మకు ఈ మూడే ప్రధాన కారణాలు. ఇంకా బలంగా తిప్పితే లీవర్ అల్యూమినియం మరలు పోతాయి. చిన్న ముక్క కోసం లీవర్ మొత్తం కొనాల్సి వస్తుంది.

కొత్త ఆలివ్, కొత్త ఇన్సర్ట్ తెప్పించుకోండి. ఇన్సర్ట్ అంటే హోస్ నోట్లో దిగగొట్టే సన్నని గొట్టం. ఆలివ్ నలిపినా హోస్ లోపలికి కుంగకుండా అది ఆసరాగా ఉంటుంది. కొనేముందు హోస్ మీద ఉన్న అక్షరాలు చదవండి. బీహెచ్ 59, బీహెచ్ 90 రెండూ బయటికి ఒకేలా ఉంటాయి గానీ ఇన్సర్ట్‌లు వేరు.

ముందుగా చక్రం విప్పి, ప్యాడ్లు తీసి, వాటి చోట ప్లాస్టిక్ బ్లీడ్ బ్లాక్ (గాలి తీసేటప్పుడు ప్యాడ్లను నొక్కే పిస్టన్లు బయటికి రాకుండా ఆపే ముక్క) పెట్టండి. ప్యాడ్ల మీద ఆయిల్ పడిందంటే అవి పోయినట్టే. పొయ్యి మీద కాల్చి బాగుచేసే పద్ధతిని నేను నమ్మను. హ్యాండిల్‌ని రెండు వైపులా చివరిదాకా తిప్పి, హోస్ ఎక్కడా లాగకుండా ఉండే పొడవు చూసి గుర్తు పెట్టండి. అనుమానంగా ఉంటే ఒక సెంటీమీటరు ఎక్కువే ఉంచండి. మరోసారి కోయొచ్చు, అతికించలేం. హాక్సా బ్లేడుతో కోస్తే పొడి లోపలికి పోతుంది, అంచు పీచులు లేస్తుంది. హోస్ కట్టరో, కొత్త బ్లేడో వాడి హోస్‌కి సరిగ్గా అడ్డంగా, వంకర లేకుండా తెగ్గొట్టండి.

తర్వాత రబ్బరు తొడుగు, నట్, ఆలివ్ అదే వరసలో హోస్‌కి ఎక్కించాలి. సగం మంది తొడుగు మరిచిపోయి, అంతా అయ్యాక నాలుక కరుచుకుంటారు. హోస్‌ని గాడి ఉన్న ప్లాస్టిక్ బ్లాకుల మధ్య పెట్టి, ఇన్సర్ట్‌ని అంచు ఆనేదాకా చిన్న సుత్తితో తట్టండి. ఆలివ్ పైన పలచగా గ్రీజు రాయండి. హోస్‌ని లీవర్‌లోకి నెట్టి, ఆ ఒత్తిడి వదలకుండానే నట్‌ని చేత్తో తిప్పి, 8 మి.మీ. స్పానర్‌తో ముగించండి. షిమానో చెప్పే బిగువు 5 నుంచి 7 న్యూటన్ మీటర్లు.

ఇప్పుడు గాలి తీయాలి. లీవర్‌ని నేలకు సమాంతరంగా తిప్పి, పైన ఉన్న బ్లీడ్ స్క్రూ (2.5 మి.మీ. అలెన్ కీ) విప్పి, గరాటు బిగించి మినరల్ ఆయిల్ పోయండి. లీవర్‌ని నెమ్మదిగా నొక్కుతూ వదులుతూ, హోస్‌ని, క్యాలిపర్‌ని (చక్రం దగ్గర ప్యాడ్లుండే భాగం) స్పానర్ పిడితో మెల్లగా తడుతుంటే బుడగలు పైకొస్తాయి. కొసమాత్రమే కత్తిరించినప్పుడు చాలాసార్లు ఇంతటితో అయిపోతుంది. లీవర్ ఇంకా మెత్తగానే ఉంటే క్యాలిపర్ బ్లీడ్ నిపిల్‌కి సిరంజి తగిలించి కింది నుంచి ఆయిల్ నెట్టాలి. 100 మిల్లీలీటర్ల సీసా రెండు బ్రేకులకూ సరిపోతుంది. పైన స్క్రూ బిగించేటప్పుడు బలం చూపొద్దు, కింద ఉన్నది చిన్న రబ్బరు ఓ-రింగ్ మాత్రమే. ఆఖరుగా నట్ చుట్టూ టిష్యూ చుట్టి, లీవర్‌ని గట్టిగా నొక్కి నిమిషం పట్టుకోండి. టిష్యూ పొడిగా ఉంటేనే సైకిల్ ఎక్కండి.

ప్రశ్న: మా దారి నిండా కంపముళ్లు. పంక్చర్ వేయడానికి సైకిల్ తిరగేసి పెట్టాక వెనక లీవర్ హ్యాండిల్‌కి ఆనిపోతోంది. పొద్దున బాగానే ఉంది! – అనంతపురం నుంచి

లీవర్ లోపలి ఆయిల్ తొట్టిలో కొంచెం గాలి మిగిలి ఉంది. సైకిల్ నిలబడినంతసేపూ అది పైనే ఉండి ఏ హానీ చేయదు. తలకిందులైతే దారి దొరికి హోస్‌లోకి జారుతుంది. ఆయిల్ నలగదు, గాలి నలుగుతుంది. అందుకే లీవర్ లోపలికి పోతోంది. సైకిల్‌ని నిలబెట్టి లీవర్‌ని ఇరవై, ముప్పై సార్లు నెమ్మదిగా నొక్కి వదలండి, గాలి చాలావరకు తొట్టిలోకి తిరిగొస్తుంది. గట్టిపడేదాకా రోడ్డెక్కొద్దు. మళ్లీ మళ్లీ ఇదే జరిగితే పైన చెప్పిన గరాటు పద్ధతిలో బ్లీడ్ చేయాల్సిందే. ఇంకోటి: చక్రం విప్పి ఉన్నప్పుడు పొరపాటున లీవర్ నొక్కితే పిస్టన్లు బయటికి తోసుకొచ్చి, చక్రం మళ్లీ దూరదు. ప్యాడ్ల మధ్య ప్లాస్టిక్ ముక్క పెట్టుకోండి, అట్టముక్క అయినా ఫర్వాలేదు.

ప్రశ్న: గువ్వలచెరువు ఘాట్‌లో దిగుతుంటాను. సైకిల్ బ్రేకుల్లో మోటార్ సైకిల్‌కి వాడే డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ పోస్తే వేడికి బాగా తట్టుకుంటుందని ఒకరన్నారు. నిజమేనా? – కడప

మీ బ్రేక్ ఏదో రాయలేదు. అదే అసలు విషయం. షిమానో, టెక్ట్రో, మగురా బ్రేకులకు మినరల్ ఆయిల్ మాత్రమే. శ్రామ్‌లో ఎక్కువ మోడళ్లకు డాట్ 5.1 (డాట్ 4 కూడా పనికొస్తుంది), కానీ డీబీ 8, మేవెన్ లాంటివి మినరల్‌వే. లీవర్ మూత మీద రాసే ఉంటుంది. మినరల్ బ్రేకులో డాట్ పోస్తే రబ్బరు సీళ్లు ఉబ్బి పాడవుతాయి. కడిగినా లాభం లేదు. ఇప్పటికే పోసేసుంటే లీవర్, క్యాలిపర్, హోస్ అన్నీ మార్చడమే. డాట్ 5 అనేది సిలికాన్, 5.1కి చుట్టం కాదు, అసలొద్దు.

వేడి మాటకొస్తే, డాట్ 4 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పీల్చాక ఆ కనీస హద్దు 155కి పడిపోతుంది. అందుకే దాన్ని ఏడాదికోసారి మార్చాలి. మినరల్ తేమ పీల్చదు, కానీ లోపలికి చేరిన నీటిచుక్క బరువుకి క్యాలిపర్‌లోకే దిగి అక్కడ 100 డిగ్రీలకే ఆవిరవుతుంది. ఘాట్ దిగేటప్పుడు బ్రేకుని ఆసాంతం మెత్తగా పట్టుకోకుండా, రెండు బ్రేకులనూ మలుపు ముందు గట్టిగా కాసేపు పట్టి, వదిలి, చల్లారనివ్వండి.