మూడో ఫోటోలో ఉన్న పిల్లి

కొత్తవాడ, వరంగల్

బిడ్డా,

నువ్వు పిల్లిని తెచ్చుకుంటున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. వెనక నుంచి మీ బాపు "మన ఇంటికి పిల్లి అచ్చిరాదని చెప్పు దానికి" అని అరుస్తూనే ఉన్నాడు. ఆ రాత్రే నువ్వు మూడు ఫోటోలు పెట్టి "అత్తమ్మా, ఏది తీసుకోను?" అని అడిగావు. వాయిస్ మెసేజ్ పెడదామనుకున్నా కానీ ఇది రెండు ముక్కల్లో తెగే ముచ్చట కాదు. కరీంనగర్‌లో ఒక్కదానివే ఇల్లు కిరాయికి తీసుకుని, బ్యాంకు ఉద్యోగం చేసుకుంటూ, ఇంకో ప్రాణాన్ని సాకుతానంటున్నావు. నాకు లోపల సంబరంగానే ఉంది. కాకపోతే ముందు తిట్టాల్సినవి కొన్ని ఉన్నాయి.

మొదటి ఫోటో, ఆ తెల్లటి పర్షియన్ పిల్ల. సగం పైసలు ముందే కొడితే అమ్మేవాడు బస్సులో పార్సిల్ పంపుతాడట! పిల్లిపిల్లేమన్నా ఆవకాయ జాడీనా? తల్లిని చూపించమని అడుగు, పుట్టిన చోటుకు వచ్చి చూస్తానను. అక్కడే వాడి బండారం బయటపడుతుంది. పర్షియన్లలో "డాల్ ఫేస్" అంటే ముక్కు కాస్త ఉంటుంది, "పంచ్ ఫేస్" అంటే ముక్కు మొహంలోకి అణిగిపోయి ఉంటుంది. అట్లా అణిగిన వాటికి ఊపిరి సరిగ్గా ఆడదు, కళ్ల నుంచి నీళ్లు కారుతూనే ఉంటాయి, పొద్దున్నే తుడవాలి. ఆ బొచ్చును రోజూ దువ్వకపోతే ఉండలు కట్టి చర్మం పుండు పడుతుంది. మే నెలలో మన దిక్కు ఎండ 45 డిగ్రీలకు పోతుంది. నువ్వు బ్యాంకులో ఏసీ కింద కూర్చుంటావు, అది మూడో అంతస్తులో ఉడికిపోతుంది. ఇంకోటి, తెల్ల పిల్లికి నీలి కళ్లుంటే చెవుడు ఉండే అవకాశం ఎక్కువ. పైసలు పోసి కొనుక్కోవద్దని కాదు నేననేది, మొహం ముద్దుగా ఉందని మాత్రం కొనకు.

రెండో ఫోటో, నీ అరచేతిలో పట్టిన నారింజ రంగు పిల్ల. టీకొట్టు వెనక దొరికిందన్నావు. దాని కళ్లు ఇంకా నీలంగానే ఉన్నాయి చూడు. పిల్లులన్నీ నీలి కళ్లతోనే పుడతాయి, నెలన్నర దాటాకే రంగు మారడం మొదలవుతుంది. అంటే అది పాలు మానే ఈడుకు రాలేదు. తల్లి అక్కడే తిరుగుతోందని నువ్వే రాశావు, మరి ఎందుకు తీస్తావు? ఎనిమిది వారాలైనా తల్లి దగ్గర ఉండనియ్యాలి, పన్నెండైతే ఇంకా మంచిది. ఎంత గట్టిగా కొరికితే ఎదుటివాళ్లకు నొప్పి పుడుతుందో అది తోడబుట్టినవాటితో కొట్లాడే నేర్చుకుంటుంది. తొందరగా తెచ్చినవి తర్వాత మన చేతులు, కాళ్లు రక్కి పెడతాయి. ఆవు పాలు పోస్తానని మాత్రం అనకు, కడుపు చెడి విరేచనాలు పట్టుకుంటాయి. పైగా నువ్వు పొద్దున పోతే రాత్రి వస్తావు. అంత పసిదాన్ని రోజంతా ఒంటరిగా ఎట్లా వదులుతావు?

ఇప్పుడు మీ బాపు సంగతి చెప్తా. ఖర్చుకు భయపడో, పెళ్లి కావాల్సిన పిల్లకు పిల్లేందని జనం అంటారనో అడ్డం పడుతున్నాడని నువ్వు అనుకుంటున్నావు. అది కాదు.

వాడు హైస్కూల్లో ఉన్నప్పటి మాట. మేమప్పుడు గిర్మాజీపేటలో ఉండేవాళ్లం. కిరాణా గోడౌన్‌లో పిల్లి ఈనితే అందులో ఒకదాన్ని చొక్కా లోపల పెట్టుకుని తెచ్చాడు. బూడిద రంగుది, తోక కొస తెల్లగా ఉండేది. మీ తాత ఒక వెదురు బుట్టలో గోనెసంచి మడిచి వేసిచ్చాడు. వాడు బడి నుంచి వస్తే సంచి విసిరేసి ముందు బుట్ట దగ్గరికే ఉరికేవాడు. వారం తిరక్కుండానే దానికి వాంతులు పట్టుకున్నాయి. వీపు గూని చేసుకుని, నీళ్ల గిన్నె మీదికి తల వేలాడేసి కూర్చునేది. తాగేది మాత్రం కాదు. వీడు దూది తడిపి నోట్లో చుక్కలు పిండుతూ రాత్రంతా పక్కనే ఉన్నాడు. మరుసటి రోజు పొద్దెక్కేసరికి పోయింది. పెరట్లో జామచెట్టు కింద పూడ్చి, వచ్చి బువ్వ ముందు కూర్చుని ఒక్క ముద్ద ముట్టలేదు.

పిల్లగాడు అట్లా ఏడుస్తుంటే మీ తాత మనసు ఆగలేదు. వారం కూడా ఆగకుండా ఇంకో పిల్లను తెచ్చాడు. అదే బుట్ట, అదే గోనెసంచి, అదే గిన్నె. మీ బాపు మొహంలో నవ్వు వచ్చిందని ఇంట్లో అందరం సంతోషపడ్డాం. ఆ నవ్వు ఎన్నాళ్లో నిలవలేదు. రెండోది కూడా అచ్చం అట్లాగే నీళ్ల గిన్నె ముందు కూర్చుంది, అట్లాగే పోయింది. మీ నాయనమ్మ ఇల్లంతా ఫినాయిల్ పోసి కడిగి "ఈ ఇంటికి పిల్లి అచ్చిరాదు" అని తేల్చేసింది. ఎదురు చెప్పేంత ధైర్యం ఎవరికీ లేదు. నీ బాపైతే ఇంకో మెట్టు పైకి పోయాడు. "నా చేతిలోనే ఏదో ఉందక్కా" అన్నాడొకసారి నాతో, నీ అంత మనిషి అయ్యాక.

నాకు అసలు సంగతి ఎప్పుడో తర్వాత తెలిసింది. పెళ్లయ్యి కొత్తవాడకు వచ్చాక మా ఇంట్లో ఎప్పుడూ పిల్లులుండేవి. దర్రీలు నేసే ఇల్లు కదా, గంజి పట్టిన నూలుకు ఎలుకలు మరిగితే పడుగంతా తూట్లే. ఒకసారి ఓ పిల్లికి టీకా వేయిద్దామని పశువుల దవాఖానకు పోతే అక్కడి చిన్న డాక్టర్ విడమరిచి చెప్పాడు. మన ఇంట్లో ఆ రెండు పిల్లలనూ తీసుకుపోయిన జబ్బును పాన్‌ల్యూకోపీనియా అంటారు. కుక్కలకు వచ్చే పార్వో జబ్బు ఉంది చూడు, దానికి దగ్గరి చుట్టం. మనుషులకు అంటదు. కానీ జబ్బుపడిన పిల్లి పోయినా ఆ వైరస్ పోదు, బుట్టలో, గోనెలో, నేల మీద ఏడాది దాకా బతకగలదు. ఫినాయిల్‌కు చావదు. బ్లీచింగ్ నీళ్లతో కడగాలి, గుడ్డలు, బుట్టలు పారేయాలి. నల్ల ఫినాయిలైతే పిల్లులకే విషం, నేల మీద నడిచి పాదాలు నాకుతాయి కదా. టీకా పడని పిల్లను ఏడాది లోపల ఆ ఇంట్లోకి తేకూడదు. మీ తాత ప్రేమకొద్దీ చేసిన పనే, కానీ ఆ రెండో పిల్లను చేతులారా జబ్బులోకి తెచ్చి పెట్టినట్టయింది. ఈ సంగతి మీ బాపుకు చెప్పాను. మొత్తం విన్నాడు. ఏమీ అనకుండా లేచి బయటకు పోయాడు. నీకు ఫోన్‌లో వినపడిన ఆ అరుపు కోపం కాదు బిడ్డా.

అందుకని మొట్టమొదట నువ్వు చేయాల్సింది ఇంటి ఓనర్‌ను అడగడం. నీకంటే ముందు ఉన్నవాళ్లు పిల్లిని పెంచారా, ఏ పిల్లయినా వాంతులు చేసుకుని చచ్చిపోయిందా అని. పెంచుకోవడానికి ఒప్పుకుంటాడా అని కూడా అప్పుడే అడిగెయ్, తెచ్చాక ఖాళీ చేయమంటే ఆగమవుతావు. ఎక్కడి నుంచి తెస్తున్నావో అక్కడా ఇదే ప్రశ్న వెయ్యి. గిన్నెలు, పక్క అన్నీ కొత్తవే కొను. ఎవరో వాడినవి ఇస్తే వద్దను.

టీకాల లెక్క చిన్నదే. ఎనిమిది వారాలకు మూడు జబ్బులకు కలిపి వేసేది మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి మళ్లీ వేయిస్తారు. రేబిస్‌ది పన్నెండు వారాలు నిండాక. ఆడదైనా మగదైనా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ తప్పదు. నాలుగైదు నెలలకే ఆడపిల్లి చూలు కట్టగలదు, మగది ఇంటి మూలమూలనా ఉచ్చ చల్లుతుంది.

ఇగ మూడో ఫోటో. దాన్ని నువ్వు చివర్లో పెట్టి, కింద "ఇది పెద్దది అత్తమ్మా, పైగా చెవి తెగింది పాపం" అని రాశావు. నా అద్దాలు పెట్టుకుని ఆ ఫోటోను పెద్దది చేసి చూశాను. అది కొట్లాటలో తెగిన చెవి కాదు. కొట్లాటలో తెగితే పీలికలుగా ఉంటుంది, దీనిది కొస మీద కత్తెర పెట్టినట్టు తిన్నగా ఉంది. వీధి పిల్లులకు ఆపరేషన్ చేసినప్పుడు గుర్తుగా అట్లా చెవి కొస తీస్తారు, మళ్లీ పట్టుకుని కడుపు కోయకుండా. అంటే నీకు ఒక పెద్ద ఖర్చు, ఒక పెద్ద టెన్షన్ తప్పాయి. తెలుపు, నలుపు, నారింజ మూడు రంగులున్నాయంటే దాదాపు ఆడదే. మూడేళ్ల ఈడు. సాకే పెద్దావిడ కొడుకు దగ్గరికి హైదరాబాద్ పోతోంది, అక్కడ పిల్లిని ఉంచుకోనివ్వరు. ఇంతకంటే మంచి సంబంధం నీకెక్కడ దొరుకుతుంది?

పిల్లి పిల్లగా ఉన్నప్పుడు పెద్దయ్యాక ఎట్లా ఉంటుందో ఎవరూ చెప్పలేరు. మూడేళ్లదాని గుణం మొత్తం ఆ పెద్దావిడకు తెలుసు, కూర్చోబెట్టి అడుగు. ఒంటరిగా ఉంటే అరిచి గోల చేస్తుందా? కొత్తవాళ్లొస్తే ఎక్కడ దాక్కుంటుంది? కడుపు ముట్టుకుంటే కరుస్తుందా? ఏం తింటుంది? వట్టి పెరుగన్నం మీద పెరిగింది అంటే మెల్లగా మార్చు. పిల్లికి మాంసం, చేప ఉండాల్సిందే. టారిన్ అని ఒకటి దాని ఒంట్లో సరిపడా తయారు కాదు, అది కరువైతే కళ్లు, గుండె దెబ్బతింటాయి. టీకా కార్డు ఉంటే ఫోటో తీసి నాకు పంపు.

చూడటానికి పోయినప్పుడు ఎగబడి ఎత్తుకోకు. నేల మీద ఓ పక్కకు కూర్చుని పెద్దావిడతో ముచ్చట పెట్టు, పిల్లి దిక్కు కళ్లార్పకుండా చూడకు. అదే వచ్చి చేతి వేళ్లు వాసన చూస్తుంది. మధ్యలో తాళంచెవులు కింద పడెయ్. ఉలిక్కిపడితే పర్వాలేదు, కాసేపటికి మళ్లీ మామూలైందా అన్నది చూడు. గంటసేపు మంచం కిందే ఉండిపోయిందంటే ఇంకోరోజు పోయి మళ్లీ చూడు. తర్వాత ఒళ్లు పరీక్ష చెయ్యి. కళ్లలో పుసి, ముక్కులో చీమిడి ఉండొద్దు. చెవుల్లో నల్లగా పొడి పొడిగా ఉంటే పురుగులు. పొట్ట ఉబ్బి ఒళ్లు ఎండితే కడుపులో పాములు. బొచ్చు గుండ్రంగా ఊడిన మచ్చలుంటే తామర, నీకూ అంటుకుంటుంది. తోక కింద శుభ్రంగా ఉండాలి. ఇవేవీ మందులేని జబ్బులు కావు, కాకపోతే తెలిసి తెచ్చుకో.

తెచ్చాక కొన్నాళ్లు ఒక్క గదిలోనే ఉంచు. మంచం కిందికి దూరితే లాగకు. రెండు రోజులు ఏమీ ముట్టకపోతే మాత్రం ఆగకు, డాక్టర్ దగ్గరికి పో, తిండి ఆగితే పిల్లికి కాలేయం చెడుతుంది. జ్వరమనిపిస్తే నీ పారాసెటమాల్ ముక్క వేసేవు జాగ్రత్త, ఒక్క గోళీ చాలు ప్రాణం తీయడానికి. కుక్కల గోమార్ల (పిడుదుల) మందు కూడా పుయ్యకు. కరిచినా, రక్కినా పావుగంట సబ్బు నీళ్లతో కడిగి అదే రోజు సర్కారు దవాఖానకు పో, ఇంట్లో పిల్లే కదా అని ఊరుకోకు.

నా అసలు భయం ఇంకోటుంది. నవ్వకు. దారం. నీ దగ్గర కుట్టు మిషన్ ఉంది, జాకెట్లకు కుచ్చులు వేస్తావు, రాఖీలు డ్రాయర్‌లో పడేస్తావు. పిల్లి నాలుక మీద ముళ్లు లోపలికి వంగి ఉంటాయి, నోట్లోకి పోయిన దారాన్ని ఉమ్మలేదు, మింగుతూనే ఉంటుంది. మా ఇంట్లో ఒకటి కండె మీది నూలు మింగింది. కొస నోట్లోంచి వేలాడుతుంటే మా మరిది లాగబోయాడు. మీ మామయ్య చేయి పట్టుకుని ఆపాడు కాబట్టి సరిపోయింది. ఆ దారం పేగుల్లో చిక్కుకుని ఉంటుంది, లాగితే పేగులను కోసేస్తుంది. డాక్టర్ కడుపు కోసి తీశాడు, అది బతికింది. నోట్లోనైనా, వెనక నుంచైనా దారం కనిపిస్తే లాగకుండా దవాఖానకు తీసుకుపో. సూదిలో దారం వదిలేసి లేచే అలవాటు నీకు చిన్నప్పటి నుంచీ ఉంది, దాన్ని ఇవాళే మానుకో. సంక్రాంతికి డాబా మీద పడే మాంజా కూడా చూసుకో. బాల్కనీకి వల కట్టించేదాకా తలుపు తీయకు.

అది పదిహేనేళ్లు బతకొచ్చు. రేపు బదిలీ అయితే, పెళ్లయితే దాని సంగతేమిటో ఇప్పుడే ఆలోచించుకో. నీకు మరీ కుదరకపోతే కొత్తవాడలో ఇల్లుంది, అది వేరే చెప్పక్కర్లేదు. కానీ ఆ ధైర్యంతో తెచ్చుకోకు.

మీ బాపుతో నేను మాట్లాడతా. నువ్వు వాదనకు దిగకు, పిల్లి వచ్చాక టీకా కార్డు వాడికి చూపించు చాలు. ఆ పెద్దావిడ దగ్గరికి శనివారం పో. తీసుకొచ్చే బుట్ట కొనకు, మూత గట్టిగా పడేది మా దగ్గర కొత్తది ఉంది, ఎవరూ వాడలేదు. మీ మామయ్య శుక్రవారం దర్రీలు ఇవ్వడానికి కరీంనగర్ వస్తున్నాడు, పంపిస్తున్నా. అన్నం వండిపెట్టు ఆయనకు, బయట తిననియ్యకు, షుగర్ పెరిగింది.

నీ అత్తమ్మ