సీసీ రోడ్డు అడగాలా, తారు రోడ్డు అడగాలా?

మీ పంచాయతీకి రోడ్డు శాంక్షనైంది, ఊరి నడివీధీ, అక్కణ్ణించి పొలాల మధ్యగా మెయిన్ రోడ్డు దాకా రెండు కిలోమీటర్లూ కలిపి వేస్తారు, అంతా సిమెంటే వెయ్యమని పట్టుబట్టాలా అని అడిగారు. నేను నెల్లూరు జిల్లాలో కోవూరు, బుచ్చి, ఇందుకూరుపేట వైపు ఒక సబ్ కాంట్రాక్టరు దగ్గర తొమ్మిదేళ్ళు సైటు సూపర్‌వైజరుగా చేశాను. ఇప్పుడు ఆ పని మానేశాను కాబట్టి మొహమాటం లేకుండా చెప్తున్నా. వీధికి సిమెంటు అడగండి, పొలాల దారికి తారు చాలు.

వీధి సంగతి ముందు. తారుకి నీళ్ళు పడవని అందరూ అంటారు గానీ ఎందుకు పడవో నాకు ఒక గుంత దగ్గర అర్థమైంది. డిసెంబరులో వానలు వెలిసిన వారానికి, పల్లంలో నీళ్ళు నిలిచిన చోట తారు పెచ్చులు పెచ్చులుగా లేచింది. ఒక పెచ్చు చేతిలోకి తీసుకుని విరిస్తే కంకర కడిగి ఆరబెట్టినట్టు శుభ్రంగా రాలింది. రాయి మీద నలుపు చుక్క లేదు. మనం తారు అనేది ముడి చమురు శుద్ధి చేశాక అడుగున మిగిలే బిటుమెన్. అది రాయిని పట్టుకుని ఉన్నన్నాళ్ళే రోడ్డు. నీళ్ళు నిలిచి, పైన చక్రాలు తొక్కుతుంటే ఆ నీరు రాయికీ తారుకీ మధ్య దూరి పట్టు వదిలిస్తుంది. ఊరి వీధిలో వానే కురవనక్కర్లేదు. అంట్లు కడిగిన నీళ్ళు, బర్రెల కొట్టం నీళ్ళు, కట్టని కొళాయి నీళ్ళు ఏడాది పొడుగునా పారతానే ఉంటాయి.

అలాగని సీసీ వేస్తే ఇంక చూసుకోనక్కర్లేదనుకోకండి. నేను దగ్గరుండి వేయించిన ఒక వీధే పగిలింది. మే నెల ఎండ. తొందరగా పారుతుందని కూలీలు మిల్లర్లో బకెట్టు నీళ్ళు ఎక్కువ పోస్తుంటే చూసీ చూడనట్టు ఊరుకున్నాను, అది నా తప్పే. మర్నాటికి రావాల్సిన కట్టర్ మిషను రాలేదు. సిమెంటు గట్టిపడేటప్పుడు కుంచించుకుంటుంది కాబట్టి నాలుగు మీటర్లకో కోత చొప్పున ఇరవై నాలుగు గంటల్లోపల మనమే కోసేయాలి. మనం కోయకపోతే అదే తనకిష్టమైన చోట కోసుకుంటుంది. మూడో రోజు పొద్దున్నే పోతే రోడ్డుకి అడ్డంగా వంకరటింకర పగుళ్ళు. మా మేస్త్రి వంగి చూసి, "నేనప్పుడే చెప్పలా, జారుగా ఉందని?" అన్నాడు. చెప్పిన మాట నిజమే.

క్యూరింగ్, అంటే పోసిన సిమెంటుని తడి ఆరకుండా ఉంచడం, ఇంకో గొడవ. మట్టితో చిన్న చిన్న మళ్ళు కట్టి నీళ్ళు నిలపాలి. ఎస్టిమేటులో లెక్కగట్టే బలం ఇరవై ఎనిమిది రోజులకు వచ్చే బలం. మూడు రోజులు పోసి ట్యాంకరు ఎత్తేస్తే పైన పొడి లేస్తుంది, రెండేళ్ళలో కంకర తేలుతుంది. అన్నట్టు, "ఇనుము వెయ్యలేదు, తినేశారు" అని ఊళ్ళో ఎవరో ఒకరు అంటారు. ఊరి సీసీ రోడ్లకు మామూలుగా ఇనుము ఉండదు. తినేవాళ్ళు మందంలో తింటారు. ఆరంగుళాలని రాసి మధ్యలో నాలుగే పోస్తారు, అంచున మాత్రం పలక నిండుగా కనిపిస్తుంది. పోసేటప్పుడు టేపు పట్టుకుని మధ్యలో కొలవండి.

పాత రోడ్డు మీదే కొత్తది పోస్తామంటే మాత్రం ఒప్పుకోవద్దు. మా అత్తగారి ఊళ్ళో రెండుసార్లు అలా పోసి ఇళ్ళన్నీ పల్లం చేశారు. వానొస్తే వాకిట్లో గోనెసంచులు అడ్డం పెట్టుకోవాల్సిందే. తవ్వి పొయ్యమనండి, పక్క కాలువ కూడా అదే ఎస్టిమేటులో ఉందో లేదో చూడండి.

ఇక పొలాల దారి. మీది రేగడి నేలైతే సిమెంటు అసలు వద్దు. రేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. సిమెంటు పలక వంగలేదు, కింద నేల జారితే మధ్యలో విరుగుతుంది. తారు కొంచెం సర్దుకుంటుంది, పాడైన చోట ప్యాచీ కూడా వేసుకోవచ్చు. ఏది వేసినా రేగడి మీద నేరుగా కంకర పరవకుండా అర మీటరుకు పైగా గ్రావెల్ తోలించాలి. ఉన్న ఒక్క దారి కాబట్టి మూయడం కూడా కష్టం. తారైతే రోలరు తిరిగి చల్లారాక ఆ సాయంత్రమే బండ్లు వదలచ్చు. సిమెంటైతే వారాల తరబడి ముళ్ళకంప అడ్డం పెట్టి కాపలా కాయాలి. నేను వేసిన ఒక రోడ్డు మీద ఎవరిదో బర్రె గిట్టలు వరసగా పద్నాలుగు, ఇప్పటికీ ఉన్నాయి.

తారుకి మన డెల్టాలో పెద్ద శత్రువు కేజ్ వీల్స్. దమ్ము చేసిన ట్రాక్టరు ఆ ఇనుప చక్రాలు విప్పకుండా రోడ్డెక్కితే ఒక్క సీజను చాలు. మడి గట్టున విప్పి ట్రక్కులో వేసుకుని పొమ్మని ఊరంతా కట్టుబడి చేసుకోండి.

బరువు లారీలు తిరిగే దారైతే నా జవాబు మారుతుంది. 1958-60లో అమెరికాలో ఇలినాయి రాష్ట్రంలో రోడ్లు వేసి, వాటి మీద లారీలు తిప్పి పరీక్షించారు. ఇరుసు మీద బరువు రెండింతలైతే రోడ్డుకి దెబ్బ సుమారు పదహారింతలని అక్కడ తేలిన లెక్క. మన దగ్గర నాలుగు టైర్ల ఇరుసుకి 10.2 టన్నులున్న పరిమితిని 2018లో 11.5కి పెంచారు. చీమకుర్తి గ్రానైటు దిమ్మెలు పోయే దారుల్లో ఎండాకాలం తారు మెత్తబడి చక్రాల జాడల్లో పల్లాలు పడేది ఇందుకే. అలాంటి చోట డబ్బులుంటే సిమెంటే మేలు. మీ దారిలో వడ్ల ట్రాక్టర్లూ, ఆటోలూ, రోజుకో బస్సూ. దానికంత అక్కర్లేదు.

2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద మట్టికట్టే కొట్టుకుపోయింది. ఆ వరద దిగాక మా వైపు రోడ్లన్నీ తిరిగి చూశాను. నీళ్ళు పైనుంచి పారిన తారు రోడ్డు చాప చుట్టినట్టు లేచిపోయింది. సీసీ వీధులు బురద కడిగితే బాగానే ఉన్నాయి, కానీ అంచున మట్టి కోసుకుపోయిన చోట పలక కింద చెయ్యి దూరేంత బోలు. పైన చూస్తే ఏమీ తెలియదు. నెల తర్వాత ఇసుక ట్రాక్టరు ఎక్కి విరిగింది. అందుకే సీసీకి కూడా రెండు పక్కలా గ్రావెల్ బెర్మ్, అంటే అంచుని ఆనుకుని గట్టిగా దిమ్మిస చేసిన గ్రావెల్ పట్టీ, అడగండి.

ఒకటి మర్చిపోయాను. కొళాయి పైపుల పని మీ ఊళ్ళో అయిపోయిందా? కాకపోతే సీసీ పోసే ముందే ఇంటింటికీ ఒక ఖాళీ పీవీసీ గొట్టం రోడ్డుకి అడ్డంగా పూడ్చి, రెండు చివరలూ మూత వేయించండి. పైపుకి వందల్లో అవుతుంది. తర్వాత రోడ్డు పగలగొట్టి పూడ్చిన అతుకు ఎన్నిసార్లు పూసినా పాత సిమెంటుతో కలవదు.